లెఫ్ట్ అవుట్ జాన్‌బాబు

జాన్‌బాబు తండ్రి రేవులో బస్తాలు మోసే కళాసీ. వన్ టౌన్‌లో వాళ్ళ ఇంటి వెనక సందు దాటితే మైదానం. ఓడలు లంగరు వేసిన రోజుల్లో విదేశీ నావికులు అక్కడికి ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చేవారు. మనుషులు తక్కువైతే వాడలోని కుర్రాళ్ళను పిలిచేవారు. అలా ఉత్త కాళ్ళతో ఆడి నేర్చుకున్నాడు జాన్‌బాబు. ఎడమకాలి వాటం కాబట్టి ఎడమ అంచున, లెఫ్ట్ అవుట్‌గా ఆడేవాడు. ఎడమ గీత పట్టుకుని చివరికంటా పరుగెత్తి, బంతిని గోలు ముందుకి ఎత్తి వేసేవాడు.

1972లో ఒక టోర్నమెంటులో అతని ఆట చూసి కలకత్తా క్లబ్బు ఒకటి తీసుకువెళ్ళింది. పందొమ్మిదేళ్ళ వయసు, కొత్త బూట్లు, రాని భాష. మొదటి నెలంతా బూట్లు కరిచి పాదాలు పుళ్ళు పడ్డాయి. వానాకాలం వచ్చాక మాత్రం ఆ బురదలో అతనికి సాటి వచ్చినవాడు లేడు. అక్కడ బాబు అంటే గౌరవం. గ్యాలరీలో వేలమంది “జాన్‌బాబు! జాన్‌బాబు!” అని అరుస్తుంటే, కళాసీ కొడుకుని అంతమందీ గారూ అని పిలుస్తున్నట్టు ఉండేది. ఆ సంగతి ఉత్తరంలో రాస్తే తల్లి ఆరోగ్యమ్మ చదివించుకుని వాడంతా చెప్పుకుంది.

అలా నాలుగు సీజన్లు గడిచాయి. 1976 ఆగస్టులో, జోరు వానలో, మలుపు తిరగబోతుంటే ఎడమ పాదం బురదలో దిగబడింది. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. ఆపరేషన్ అయ్యాక నడవగలవన్నాడు డాక్టరు. ఆడగలనా అని అడగడానికి జాన్‌బాబుకి ధైర్యం చాలలేదు. అడక్కుండానే మెయిలు బండెక్కి తన ఊరి స్టేషను వాల్తేరులో దిగాడు.

రేవులో పని దొరికింది. క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలు చెయ్యాలి. 1979లో జయమణిని పెళ్ళి చేసుకున్నాడు. గాజువాకలో కాపురం. ఆమె ఇంట్లో మిషను కుట్టేది. కలకత్తా గురించి అతను ఒక్క మాటా చెప్పేవాడు కాదు. పనికి వెళ్ళేటప్పుడు మైదానం కనిపించకూడదని బస్సు ఒక స్టాపు ముందే దిగి, ఆ కాలితోనే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. వాన పడితే మాత్రం గుమ్మంలో నిలబడిపోయేవాడు.

“ఏటి సూత్తన్నావు?” అనేది జయమణి.

“ఏటీ నేదు.”

1986లో ఒక ఆదివారం పొద్దున్నే కన్నబాబు వచ్చాడు. వన్ టౌన్‌లో జాన్‌బాబుతో కలిసి ఆడినవాడు. పాత ఆటగాళ్ళకీ కొత్తవాళ్ళకీ సాయంత్రం మ్యాచ్ ఉందన్నాడు.

“పది నిమిషాలు బావా. ఆ గీత దగ్గర నిలబడితే సాలు.”

“నాను రానురా. ఆ కాలు నేదిప్పుడు.”

కన్నబాబు వెళ్ళిపోయాక జయమణి మిషను ఆపింది.

“మనకి పెళ్ళయ్యి ఏడేళ్ళు. కలకత్తావోళ్ళు సూసేరు, మీ ఈదివోళ్ళు సూసేరు. నువ్వు ఆడితే ఎలగుంటాదో నాకే తెల్దు.”

జాన్‌బాబు మధ్యాహ్నం ట్రంకు పెట్టె అడుగునుంచి బూట్లు తీశాడు. తోలు బిగుసుకుపోయి కాలు దూరలేదు. వాటిని అక్కడే వదిలేసి, “పద” అన్నాడు.

మైదానంలో ఏడు నిమిషాలు బంతి అతని వైపే రాలేదు. ఎనిమిదో నిమిషంలో వచ్చింది. ఎదురుగా ఇరవయ్యేళ్ళ డిఫెండరు. జాన్‌బాబు భుజం లోపలికి వంచాడు. డిఫెండరు అటు వాలాడు. బంతి గీత వెంట దూసుకుపోయింది. దాని వెనక నాలుగడుగులు పరుగు తీశాడు జాన్‌బాబు. ఐదో అడుగుకి మోకాలు మొరాయించింది. బంతి గీత దాటిపోతుంటే నడుం మీద చేతులేసుకుని చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో జయమణి అడిగింది.

“ఆ పిల్లోడు అటెల్లిపోనాడు, నువ్విటొచ్చేసావు. ఎలగ?”

“అక్కడైతే గీత పొడుగునా ఎల్లిపోయేవోణ్ణి. నాలుగడుగులు కాదు...” అక్కడితో ఆపలేదు. బురద వాసన, గ్యాలరీ అరుపులు, ఆపరేషన్ బల్ల, అన్నీ గాజువాక వచ్చేదాకా చెప్పాడు.

“అప్పుడు నాను అక్కడుంటే బాగుణ్ణు” అంది జయమణి.

మోకాలు వాచి మూడు రోజులు పనికి వెళ్ళలేకపోయాడు. తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరూ వెళ్ళి గీత పక్కన కూర్చునేవారు. కుర్రాళ్ళకు ఆట నేర్పమని కన్నబాబు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అతనికి కావలసింది ఆడటం. అది ఇక లేదు. మ్యాచ్ ముగిసి జనమంతా వెళ్ళిపోయినా ఖాళీ మైదానం వైపు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయేవాడు. జయమణి తొందరపెట్టేది కాదు.