చీరలా గీసిన బొమ్మల కథ

మా చిన్నప్పుడు... సూరత్‌లో, ఉధ్నా తెలుగు బడిలో పిల్లలమంతా బొమ్మల కథలు గీసి ఒక పుస్తకం చేశాం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఎంత కాగితం కావాలన్న దగ్గరే పెద్ద గొడవ... చివరికి సగం చార్టు సైజని టీచర్ తేల్చారు. బొమ్మలు గీసే గళ్లు మాత్రం ఎవరిష్టం వాళ్లది.

నా కథ నాన్నది. నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేసేవారు. నాకు తెలిసిన అందమైన పేజీ అంటే చీరే మరి! అందుకే కాగితాన్ని నిలువుగా పెట్టి, పైన చీర లోపలి చివరలా సాదాగా వదిలేశాను. రెండు పక్కలా అంచుల్లా సన్నటి గళ్లు. వాటిలో నాన్నతో సాంచె అనే మాటలు... మధ్య గళ్లలో నాన్న జవాబులు. అడుగున కొంగులా పెద్ద గడి.

ఆదివారం అమ్మానాన్నలు చూడటానికి వచ్చే రోజు. నాన్న ఎప్పుడూ బడి గడప తొక్కలేదు. ఆ రోజు వస్తానన్నారు.

ఆ పొద్దున టీచర్ పేజీలన్నీ పేర్చి, కుట్టడానికి ఎడమ పక్కన దబ్బనం పెట్టారు. అక్కడ కుడితే సాంచె మాటలు సగం కుట్టులోకి పోతాయి. సగం కథలో నాన్న ఒక్కరే తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంటుంది!

"టీచర్, ఆగుండ్రి... నా కథ పోతది," అన్నాను, కళ్లనీళ్లతో.

"కాగితం చివరిదాకా ఎవరు గీయమన్నారే నిన్ను?"

"చీరకు అంచు గట్లనే ఉంటది గద టీచర్."

ఆవిడ పకపకా నవ్వారు. మళ్లీ గీయడానికి టైమెక్కడిది? వరండాలో అప్పటికే చెప్పుల చప్పుడు. టీచర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. పైన నేను వదిలిన సాదా జాగా మీద చెయ్యి ఆగింది. మిగతా పిల్లల పేజీల్లోనూ పైన పేరు రాసుకునే చోటుంది.

"క్యాలెండర్‌లా పైన కుట్టేద్దాం, కళ్లు తుడుచుకో," అన్నారు.

అబ్బ... ప్రాణం లేచొచ్చింది!

నాన్న చేతులు పంచెకు తుడుచుకుని మరీ పేజీలు పైకి తిప్పారు. నా పేజీ దగ్గర ఆగారు. చదవడం ఆయనకు నెమ్మది. పక్కనున్నాయన తొందరపెడితే, "జర ఆగవయ్యా, సాంచె ఏమంటదో సూడనీ," అన్నారు. కొంగు దాకా వచ్చేసరికి ఆయన మొహమంతా నవ్వే.

ఇప్పుడు మా పాప ట్యాబ్‌లో బొమ్మల కథలు గీస్తుంది. ఎక్కడిదాకా గీయాలో తెరే గీత వేసి చూపిస్తుంది. నా తిప్పలు దానికి లేవు, హాయి... గీయగానే కథ ఒక్క నొక్కుతో ఎవరెవరికో వెళ్లిపోతుంది. చదివేవాళ్ల మొహం మాత్రం మా పాప చూడదు.

మీరూ గీసే ఉంటారు కదా... మీ బొమ్మల కథ మొదట చదివిందెవరు? అప్పుడు వాళ్ల మొహం ఎలా ఉంది?