పచ్చిపాలలో పచ్చ ఉంగరం

ఇవాళ కూడా చీకటిపడ్డాకే ఆఫీసు నన్ను వదిలింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నగల దుకాణం అద్దంలో పచ్చరాయి ఉంగరం మెరిసింది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే అన్నల చిటికెన వేళ్లకు అప్పట్లో అలాంటిదే ఉండేది, మీకూ గుర్తుందా?

నా చిన్నప్పుడు మా బాబాయి ఉంగరాన్ని నానమ్మ బుధవారం పొద్దున్నే పచ్చిపాలలో వేసింది. పాలు ఓడుతూ పైకొచ్చిన ఆ పచ్చదనం ఇంకా నా కళ్లలోనే ఉంది.

"అడుగున గీ సందు ఎందుకు, నానమ్మా?"

"రాయి వేలికి తగలాలె బిడ్డా. అప్పుడే నౌకరీ వస్తది."

వచ్చింది. ఆ తర్వాత నేను మెలకువగా ఉన్నప్పుడు బాబాయి ఇంట్లో కనిపించడమే అరుదైపోయింది.

ఆ ఉంగరమే ఇప్పుడు నా వేలికుంది. నౌకరీ సుత ఉంది.

పొద్దుండంగ ఇల్లు చేరాలంటే ఏ రాయి పెట్టుకోవాలె, నానమ్మా?