బర్మా రేటుకి ఘనా గుమ్మం

రెండేళ్ళ క్రితం భీమడోలులో ఇల్లు కట్టుకుంటూ, సింహద్వారానికి గుమ్మం కొనడానికి తాడేపల్లిగూడెంలో ఒక కలప డిపోకి వెళ్ళాం. "బర్మా టేకు రావడం ఏటేటా తగ్గిపోతోందండీ, ఘనా టేకు పెరుగుతోంది. అందుకే బర్మాది రెట్టింపు రేటండీ," అన్నాడు యజమాని. ఇంటికి ముఖం అదే కదా అని బర్మాదే కొన్నాం.

గుమ్మం నిలబెట్టే రోజు పంతులుగారు వచ్చి కూర్చున్నారు. పసుపు రాసేముందు నేను తడిగుడ్డతో గుమ్మం తుడుస్తుంటే ఎర్రరంగు ఊడివచ్చింది. దాని కింద ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి.

"ఘనా అని ఉందండీ అత్తయ్యగారూ," అంది మా కోడలు.

ఒళ్ళు మండి డిపోకి ఫోన్ చేశాను.

"ముహూర్తం పూట గుమ్మం వెనక్కి పంపితే మీకే అరిష్టమండీ. అదీ టేకేగా అమ్మగారూ!" అని నవ్వాడు యజమాని.

"రేటు చెప్పేటప్పుడు రెండు దేశాలు, సరుకిచ్చేటప్పుడు ఒకటేనా?" అని అరిచాను.

"ముహూర్తం దాటిపోతోందే, సర్దుకుపోదాం," అన్నారు మావారు.

"రోజూ ఈ మోసానికి పసుపు రాసి బొట్టు పెట్టమంటారా? నావల్ల కాదండీ!"

ముహూర్తం పోతే పోయిందని గుమ్మాన్ని ట్రాలీ ఆటోలో వేయించి, నేనూ ఎక్కి, డిపో గేటుకి అడ్డంగా దింపించాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ సంగతి చెబుతుంటే, ఆ నవ్వు మాయమై మా డబ్బు మాకిచ్చేశాడు.

తర్వాత ఏలూరులో ఘనా టేకునే ఘనా రేటుకి కొని నిలబెట్టాం. ఆ చెక్కలో ఏ లోపమూ లేదు. మా ఇంటి శుభాన్ని అడ్డం పెట్టుకుని, అరిష్టమంటూ మమ్మల్ని భయపెట్టినందుకు మాత్రం నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.