సుగుణమ్మ గారు కట్టిన కట్టు

మొన్న ఆసుపత్రిలో మా మనవరాలి చేతికి సిమెంటు కట్టు వేస్తుంటే తడిసిన సున్నంలాంటి వాసన ముక్కుకు తగిలింది. నా ఎడమకాలు దానంతటదే బిగుసుకుపోయింది. ఆ వాసన వస్తే చాలు, నాకు సుగుణమ్మ గారు గుర్తొస్తారు.

చేవెళ్లలో నేను పనిచేసిన బడికి ఆమె పెద్ద టీచరు. సొంతూరు ముడిమ్యాల. బడిలో చేరకముందు మిషన్ దవాఖానలో నర్సుగా చేశారు. నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మాస్టారిని. ఒకసారి గోడ మీది నుంచి పడ్డ పిల్లకు భుజం జారితే, తండ్రి కంగారులో ఆ చెయ్యి పట్టి లాగబోయాడు. ఆమె అడ్డం వెళ్లి, "ఆడ నరాలుంటయి బాపూ, పాడైతయి. చెయ్యి ఎట్లున్నదో అట్లనే కట్టి దవాఖానకు తీస్కపోదాం" అన్నారు. తువ్వాలతో ఆ చేతిని మెడకు వేలాడగట్టి తానే వెంట వెళ్లారు.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మా రోడ్డు దాకా వచ్చింది. బయట నోరు విప్పాలంటే నాకు భయం. నా యాసే నన్ను పట్టించేస్తుంది. బడి పని మీద ఒక రోజు ఆమె, నేను బస్సులో హైదరాబాదు పట్నం బయలుదేరాం. మొయినాబాదు దగ్గరి హిమాయత్‌నగర్ ఊరు దాటేసరికి రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి వెనక ఉద్యమం కుర్రాళ్లు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేయడంతో తలుపు దగ్గర నిలబడ్డ నేను ఎగిరి రోడ్డు పక్క కాలువలో పడ్డాను. మోకాలి కింద కాలు వంకరపోయింది.

నినాదాలు ఆపి కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చారు. సుగుణమ్మ గారు నా చెవి దగ్గర వంగి, "మాట్లాడకుండ్రి సారూ" అన్నారు. పళ్లు బిగబట్టాను. కానీ ఒకతను మంచి మనసుతోనే నా పాదం పట్టి సరిచేయబోయాడు.

"బాబోయ్! లాగొద్దండీ!"

నా యాస బయటపడింది. జెండా కట్టె పట్టుకున్న పొడుగాటి కుర్రాడు ముందుకొచ్చాడు.

"ఆంధ్రాయననా, అమ్మా?"

ఆమె తలెత్తలేదు. "అవును. మా బడి సారు. కాలిరిగింది. ఆ కట్టె ఇటియ్యి."

అతని పిడికిలి కట్టె మీద బిగుసుకుంది. కాసేపటికి అతను జెండా విప్పి జేబులో పెట్టుకుని, కట్టెను మోకాలికేసి విరిచి రెండు ముక్కలూ ఇచ్చాడు. ఆమె వాటికి కుర్రాళ్ల తువ్వాలలు చుట్టి, తొడ నుంచి మడమ దాకా కాలుకు అటూ ఇటూ ఆనించి కట్టారు. వంకరను ముట్టుకోలేదు. "వేళ్లు ఆడించుండ్రి" అంటూ పాదం పట్టి చూశారు. చల్లబడుతోందని ఒక ముడి వదులు చేశారు.

బస్సులో కాలు చాపి పడుకునే చోటు లేదని, కుర్రాళ్లే రాళ్లు తప్పించి నన్ను దవాఖానకు తీసుకెళ్లడానికి ఎడ్లబండి తెచ్చారు. మొయినాబాదు దారిలో ఇంకో గుంపు మమ్మల్ని ఆపింది. "ఎవరాయన?" అని అడిగారు. నా కాలు కదలకుండా పట్టుకుని బండిలో కూర్చున్న ఆ పొడుగాటి కుర్రాడే జవాబిచ్చాడు.

"మా సారు. పోనియ్యుండ్రి."

దవాఖానలో వేసిన సిమెంటు కట్టు విప్పి, కాలు అతుక్కున్నాక కూడా నేను బదిలీ అడగలేదు. బడికి తిరిగి వెళ్లిన రోజే సుగుణమ్మ గారు పెద్ద పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, "ఎట్ల కట్టాల్నో మీ కాలు మీదనే నేర్పుండ్రి సారూ" అన్నారు. ఆ పాఠం ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చెప్పాను. నా మాట ఇప్పటికీ గుంటూరు మాటే. కళ్లముందు ఎవరైనా పడితే మాత్రం నాకు తెలియకుండానే ఆమె భాష నోట్లోకి వస్తుంది: "జర ఆగుండ్రి, లేపకుండ్రి. ముందుగాల నన్ను చూడనియ్యుండ్రి."