శాంతమ్మక్క రాయని పేరు

శాంతమ్మక్క ఇక లేదు. మొన్న మంగళవారం ఉదయం ప్రభువు సన్నిధికి చేరిందని మా సంఘపెద్ద ఫోన్ చేసినప్పుడు నేను పెనం మీద దోసె పోసి ఉన్నాను. "సరేనండీ" అని పెట్టేశాను. దోసె మాడిన వాసన వచ్చేదాకా ఏం విన్నానో బుర్రకెక్కలేదు. నా చేతికి పని నేర్పిన మనిషి పోయింది. ఆమెతో నేను మాట్లాడి ఆరేళ్ళయింది.

గూడూరు వైపు అభ్రకం గనులు మూతపడ్డాక కూడా మా ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ కొనఊపిరితో నడిచింది. పాత గనుల గుట్టల్లో ఏరిన అభ్రకాన్ని పలుచని రేకులుగా చీల్చడం మా పని. నలభైమంది ఆడవాళ్ళం. అందరికీ పెద్దదిక్కు శాంతమ్మక్కే. కొత్తల్లో నేను కత్తి గట్టిగా నొక్కి మంచి రేకులన్నీ విరగ్గొట్టేదాన్ని. ఆమె నా బొటనవేలు పట్టుకుని, "బలం యాడ పెడతా ఉండావే పిచ్చిదానా? దారి చూపిస్తే అదే విడిపోతాది" అంది. విరిగినవి తనవేనని చెప్పి మేస్త్రీ తిట్లు తానే తింది.

అలాగని నోరులేని మనిషి కాదు. మేం దారిన పోయేవాళ్ళతో ముచ్చట్లాడుతున్నామని మేనేజరు ఒకసారి కిటికీలు మూయించాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. "వెలుతురు లేకుండా రేకులో మచ్చ కనపడాలంటే మీరే వచ్చి చూడండి సార్" అంది. మధ్యాహ్నానికల్లా కిటికీలు తెరిపించారు.

ఫ్యాక్టరీ మూసేసే రోజున పన్నెండుమందికి మాత్రం కోట ఊరి దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానన్నాడు మేనేజరు. పేర్లు రాసే పాపం శాంతమ్మక్క నెత్తిన పెట్టాడు. పాపం కాక ఇంకేమిటది? ఆమె రాసింది. తన పేరు రాసుకోలేదు. నా పేరూ రాయలేదు. రాసిన పన్నెండుమందికీ ఇంట్లో వేరే సంపాదన లేదని నాకు తెలుసు. తెలిసినా కడుపు మండింది.

పని దొరికినవాళ్ళు కోటకు పోయి మళ్ళీ తిరిగి చూడలేదు. మిగిలినవాళ్ళకు ఆమె ఇంటి మీద వాలిన కాకి తమ ఇంటి మీద వాలకూడదన్నంత పగ. ఆదివారం చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. నేనూ కూర్చోలేదు.

ఫ్యాక్టరీ మూసిన వారానికి ఆమే మా వాకిట్లోకి వచ్చింది.

"కరుణా, మిగతావాళ్ళకు నేనేం చెప్పినా తలకెక్కదు. నిన్నైతే ఎట్టనో ఒప్పించుకోవచ్చులే అనుకున్నా. నువ్వు నా దానివి గదా" అంది.

నేను తలుపు వేసుకున్నాను. చాలాసేపు నిలబడినట్టుంది, చెప్పుల చప్పుడు ఆలస్యంగా వినపడింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒకే వీధిలో బతికాం.

నిష్కల్మషమైన ఆ హృదయానికి నివాళి అర్పించే యోగ్యత నాకు లేదు. ఆ పనితనం ఇంకెవరి వేళ్ళకూ రాదు, ఆ పనే లేదు గనుక. సమాధి దగ్గర ఆరుగురమే ఉన్నాం. గుప్పెడు మన్ను వేస్తూ, "ఒప్పుకున్నా అక్కా" అన్నాను.

పాస్టరు గారు నా వైపు తిరిగి, "ఏందమ్మా, ఏమన్నావు?" అని అడిగారు.

"ఏం లేదండీ" అన్నాను.