పాలపిట్ట ఎడమకు ఎగిరిన రోజు

మీ ఇంట్లో ఎవరి వైద్యమైనా ఒక పిట్ట ఎగిరిన దిక్కును బట్టి ఆగిపోయిందా? నవ్వకండి. మా ఇంట్లో ఆగింది.

మా అక్కను వాకాడు దగ్గర ఒక రైతు కుటుంబంలో ఇచ్చారు. ఆమెకు పిట్టలంటే ఇష్టం. పొలంలో కొత్త పిట్ట ఏదైనా వాలిందని తెలిస్తే వంట మధ్యలో వదిలేసి గట్టు మీదికి పోయేది. నిరుడు ఆమె కళ్లలో నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నాయని డాక్టరు తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఆపరేషన్ చేస్తే మిగిలిన చూపును కాపాడవచ్చు, ఆలస్యం మాత్రం చేయవద్దు అన్నాడు. మరుసటి వారానికి ఆపరేషన్ ఖాయమైంది. ఈలోగా ఒక్కసారి కొండ అడవి చూపించమని అక్క అడిగింది. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే బతికిన మనిషి. కొండలంటే బస్సు కిటికీలోంచి పడమట కనిపించే నల్లటి గీతే ఆమెకు.

బావను కూడా వెంటబెట్టుకుని శేషాచలం కొండల్లోని జాతీయ పార్కుకు వెళ్లాం. అటవీ శాఖ వాచరు ముందు నడిచాడు. దారి అనడానికి అది దారి కాదు. వాన కోసేసిన బండలు, కాలి కింద జారే గులకరాళ్లు, ముళ్లపొదలు. ఇసుకకు అలవాటుపడిన కాళ్లకు రాయి కొత్త. అక్క ఒక చేత్తో కుచ్చెళ్లు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని నడిచింది. బావ వెనక నుంచి ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"మీ తమ్ముడికి దేవుడంటే పడదు, పిట్టంటే ప్రాణం. దండం పెట్టాల్సొస్తే పిట్టకే పెడతాడు."

ఎండిన వాగు నడుమ మోడువారిన చెట్టు మీద పాలపిట్ట కనిపించింది. బైనాక్యులర్స్ అక్క కళ్లకు ఆనించి సరిచేశాను. చాలాసేపు వెతికింది. దొరికాక ఊపిరి బిగబట్టింది. అంతలో పిట్ట రెక్కలు విప్పింది. ఆ నీలం ఒకసారి చూసినవాళ్లు మరచిపోరు. కుడివైపు నుంచి ఎడమకు, వాగు పొడవునా తేలిపోయింది.

"ఎడం పక్కకి బోయిందే," అన్నాడు బావ, గొంతు తగ్గించి.

పాలపిట్ట ఎడమ నుంచి కుడికి పోతే తలపెట్టిన పని అవుతుందని, కుడి నుంచి ఎడమకు పోతే చెడుతుందని మావాళ్ల నమ్మకం. అక్క బైనాక్యులర్స్ దించింది. ఇలాంటి నమ్మకాల మీద సభల్లో ఏళ్ల తరబడి వాదించినవాణ్ణి, ఊరుకుంటానా? ఆమెను వాగు దాటించి అవతలి గట్టున నిలబెట్టాను. ఇక్కడ నిలబడి చూసి ఉంటే అదే పిట్ట కుడికే పోయేది కదా అన్నాను. దాని ధ్యాసంతా పురుగు మీద ఉంటుంది, నీ కన్ను సంగతి దానికేం తెలుసు అని అడిగాను. వాచరు తల ఊపాడు. బావ అటూ ఇటూ చూసి, నిజమే అన్నాడు. అక్క ఒక బండ మీద కూర్చుంది.

"నువ్వు చెప్పేదానికి నా కాడ జవాబు లేదురా," అంది. "భయం మాత్రం పోలా."

ఆపరేషన్ వాయిదా పడింది. ముందు అమావాస్య దాటనీ అన్నారు అక్కావాళ్లు. తర్వాత శూన్యమాసం వచ్చింది. ఆ తర్వాత వరికోతలు. ఫోన్ చేసిన ప్రతిసారీ నేను తర్కం చెప్పాను, ఆమె ఒప్పుకుంది, కదల్లేదు. చివరికి ఆమె చూపు మరీ తగ్గిపోవడం చూసి బావే హడలిపోయి తీసుకెళ్లేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి ఆపరేషన్ చేశారు. గొట్టంలోంచి చూస్తే కనబడేంత మేర మిగిలింది.

ఈ చలికాలం ముగ్గురం పులికాట్ గట్టుకు వెళ్లాం. దూరంగా రాజహంసలు నీళ్లలో గులాబీ చారలా నిలబడి ఉన్నాయి. బావ ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా అటు తిప్పి, "అదో, ఆడుండాయి," అన్నాడు. ఆమె వెతికింది. కాసేపటికి, "నువ్వు చూసి చెప్పు, చాల్లే," అంది.

కొండలో వాదన నేనే గెలిచాను. ఆ గెలుపు ఆమెకు చూడ్డానికి ఒక్క రెక్కనైనా మిగల్చలేదు.

అందుకే అడుగుతున్నాను. చదవడం ఆపి లేవండి. డాక్టరు చెప్పిన పనిని మీ ఇంట్లో ఎవరు వాయిదా వేస్తున్నారో కనుక్కోండి. వాళ్లు భయపడుతుంటే భయపడనివ్వండి, వాదన తర్వాత పెట్టుకోండి. రేపు పొద్దున్నే వాళ్ల చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పోయే బస్సెక్కించండి. మీరూ ఎక్కండి.