ఎవరి సగం పెద్దది

ఆవిడ పాతికేళ్లుగా లెక్కల టీచరు. ఎవరు సగమన్నా ‘ఎందులో సగం?’ అని అడగనిదే వదలదు కాబట్టి, బడిలో ఆవిడకు ‘సగం టీచరమ్మ’ అని పేరు పడిపోయింది. జిల్లా బళ్లూ యూనివర్సిటీ కలిసి లెక్కల పాఠాలు తిరగరాస్తున్నాయని తెలిసి, ఆ కమిటీలో కుర్చీ అడిగి మరీ సంపాదించుకుంది. భిన్నాల పాఠం సూత్రంతో కాదు, కాగితం మడతతో మొదలవ్వాలని ఆవిడ పట్టు. యూనివర్సిటీ ప్రొఫెసరు మొగ్గాడు గానీ తక్కినవాళ్లు గొణిగారు. చివరికి, నాలుగో తరగతికి ఆవిడే చెప్పి చూపించాలన్నారు. నెగ్గితే పుస్తకంలోకి, లేదంటే పాత పాఠమే. పాఠం నడుస్తుండగా వెనక కూర్చుని చూసేవాళ్లు నోరు మెదపకూడదు. అదీ షరతు.

కాగితం పట్టీలు ఇంట్లో ఆడపడుచు కత్తిరించి పెట్టింది. అవి పంచి, సగానికి మడవమంది టీచరమ్మ. మొదటి బెంచీలోనే ఇద్దరు పిల్లలకు పేచీ వచ్చింది.

“నా సగం పెద్దది.”

“పోవే, సగమంటే సగమే. పెద్ద సగం ఎక్కడన్నా ఉంటుందా?”

“కళ్లు పెట్టుకుని చూడు మరి.”

టీచరమ్మా చూసింది. పట్టీలు రెండు కొలతల్లో ఉన్నాయి. వెనక ప్రొఫెసరు ఏదో అనబోయి కుర్చీలోంచి లేచాడు. ఆవిడ అరచెయ్యి చూపించి కూర్చోబెట్టింది. పట్టీలు వెనక్కి తీసుకుంటే పాఠం అక్కడితో సరి. తీసుకోలేదు.

“ఇద్దరూ సరిగ్గానే మడిచారు. మరి ఒకటి పొట్టిదెందుకైంది?”

చిన్న సగం వచ్చిన పిల్ల మడత విప్పి, పట్టీని పక్కదాని పట్టీ మీద పరిచింది. “నాకిచ్చిన కాగితమే పొట్టిది టీచర్. దాని సగం పొట్టిగా కాక ఇంకెలా ఉంటుంది?”

ఆ తర్వాత ‘ఎందులో సగం?’ అని ఆవిడ అడగాల్సిన పని లేకపోయింది. పిల్లలే ఒకరినొకరు నిలదీస్తున్నారు.

“మంచి ఎత్తు వేశారు మేడమ్,” అన్నాడు ప్రొఫెసరు, కమిటీ కూర్చున్నాక.

“ఎత్తూ లేదు, పాడూ లేదు. మా ఆడపడుచు పొరపాటు. వెనక బెంచీల పిల్లలు తికమకపడ్డారు, అదీ చూశారుగా. మొదటిరోజు సమానమైన పట్టీలు, మర్నాడు ఇవి. అలా రాద్దాం.”

“మూడోరోజు సంఖ్యారేఖ?”

“అది మీ వాటా. కాదనను.”

గొణిగినవాళ్లూ సరేనన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే అడిగింది. “పట్టీలు సరిపోయాయా వదినా? ఒక కట్ట అయిపోతే ఇంకో కట్టలోంచి కోశాను.”

“పుస్తకంలోకే ఎక్కాయి.”

“అయితే నేనూ లెక్కల పండితురాలినే అన్నమాట.”

“వచ్చేవారం ఇంకో బడికి కావాలి. మళ్లీ అదే పొరపాటు చెయ్యి. ఈసారి దగ్గరుండి చేయిస్తాను.”